నొస్తలేదు: షుగర్ కాలి కథ

మా వైపు, అంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల, "కాలు తీసేసిండ్రు" అనే మాట వాన పడిందన్నంత మామూలుగా వినిపిస్తుంది. ఎవరికి అంటే ఒక పేరు చెప్తారు. ఎందుకు అంటే "షుగర్" అంటారు. అక్కడితో మాట అయిపోతుంది. షుగర్ వచ్చిందంటే ఎప్పుడో ఒకప్పుడు కాలు పోతుంది, దాని గుణమే అంత, అన్నట్టు. నాకీ లెక్క ఎప్పుడూ అర్థం కాలేదు. చక్కెర ఉండేది రక్తంలో, రక్తం తిరిగేది ఒళ్ళంతా. మరి పోతే కాలే ఎందుకు పోవాలి? చెయ్యి ఎందుకు పోదు?

ఈ ప్రశ్న పట్టుకుని కొన్ని నెలలుగా శని, ఆదివారాలు పాత వైద్య వ్యాసాలు తిరగేస్తున్నాను. (నేను డాక్టర్ని కాదు, ఇంజనీరింగ్ చదివి కోడు రాసుకు బతికేవాణ్ణి. కాబట్టి ఇది చరిత్రగా చదువుకోండి, వైద్య సలహాగా కాదు.) చదివాక నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. షుగర్ కాళ్ళని కాపాడే పద్ధతుల్లో అతి ముఖ్యమైనవి షుగర్ డాక్టర్లు కనిపెట్టినవి కావు. అవి కుష్ఠు ఆసుపత్రుల్లో పుట్టాయి. కొంత భాగం మన దక్షిణాదిలోనే పుట్టింది. మనం ఊరవతల పెట్టిన మనుషుల కాళ్ళ మీద నేర్చుకున్న విద్య అది.

ముందు అసలు ఏం జరుగుతుందో చెప్పుకోవాలి. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరాలు పాదాలకి వెళ్ళేవి, కాబట్టి మొదట మొద్దుబారేది పాదమే. (నా "చెయ్యి ఎందుకు పోదు"కి సగం జవాబు ఇక్కడే దొరికింది. మిగతా సగం: మనం చేతుల మీద నడవం.) పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్ళు కొంకర్లు పోతాయి, బరువంతా వేళ్ళ మొదళ్ళ కింద పడుతుంది. అక్కడ ఆనెకాయ కడుతుంది. ఆనెకాయ కింద చర్మం నలిగి లోలోపలే పుండవుతుంది. మామూలు మనిషైతే కుంటుతాడు, కాలు ఎత్తి పెట్టుకుంటాడు. ఇతనికి నొప్పి తెలియదు కాబట్టి దాని మీదే నడుస్తాడు. వేలి దగ్గర చర్మానికీ ఎముకకీ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. సూక్ష్మక్రిములు ఎముకని చేరుకోవడానికి ఎంతో కాలం పట్టదు.

మన భాషలో చెప్పాలంటే, సర్వర్ పాడవడానికి ముందే మానిటరింగ్ ఏజెంట్ చచ్చిపోయింది. డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగానే ఉంటుంది. అర్ధరాత్రి ఫోన్ మోగదు. ఒకరోజు డేటాసెంటర్ నుంచి పొగ వస్తుంటే చూస్తాం. మా వైపు ఆ పచ్చ లైటుకి ఒక మాట ఉంది: "నొస్తలేదు". పుండు ఎట్లుంది మామా? నొస్తలేదు బిడ్డా. నొప్పి లేదంటే తగ్గుతోందని మనం అనుకుంటాం. ఈ జబ్బులో దాని అర్థం సరిగ్గా తలకిందులు.

షుగర్‌కీ కురుపులకీ సంబంధం ఉందని మనవాళ్ళకి తెలియక కాదు. ప్రమేహ రోగుల్లో వచ్చే పిడకల గురించి సుశ్రుత సంహితలోనే ఉంది (పిడకలంటే మన గోడల మీద కొట్టే పిడకలు కావు, కురుపులు). కానీ ఎముకలో చీము అన్నది ప్రపంచంలో ఎక్కడా మొన్న మొన్నటిదాకా కత్తి వ్యవహారమే. దానికి ఆస్టియోమైలైటిస్ అన్న పేరు 1844లో నెలటాన్ అనే ఫ్రెంచి సర్జన్ పెట్టాడంటారు. పేరొచ్చింది గానీ మందు రాలేదు. చీము పట్టిన ఎముకలో కొంత ముక్కకి రక్తం అందక చచ్చిపోతుంది, ఆ చచ్చిన ముక్క లోపలే ఉండి క్రిములకి ఇల్లవుతుంది. దాన్ని తీసేయాలి, లేదా అవయవాన్నే తీసేయాలి. 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కడగడం గురించి ప్రకటించాకే కోసిన మనిషి బతికే అవకాశం కాస్త పెరిగింది.

1884లో ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే లండన్ సర్జన్ (తర్వాత 'ఏనుగు మనిషి' మెరిక్‌ని చూసుకున్న డాక్టరు ఈయనే) అరికాలి పుండ్ల మీద ఒక వ్యాసం రాశాడు. సారాంశం ఏమిటంటే: చుట్టూ ఉన్న గట్టి చర్మాన్ని చెక్కేయండి, మనిషిని మంచం మీద పడుకోబెట్టండి, మానాక చెప్పులు మార్చి జాగ్రత్తలు చెప్పి పంపండి. దాదాపు నూట నలభై ఏళ్ళ తర్వాత ఈరోజు మంచి ఫుట్ క్లినిక్‌లో మొదట చేసేదీ ఇదే. చదివి నాకు కాస్త సిగ్గేసింది. మన వృత్తిలో పదేళ్ళ పాత డాక్యుమెంట్ ఎవరూ తెరవరు కదా.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంకో విచిత్రం జరిగింది. విలియం బేర్ అనే అమెరికన్ సర్జన్ దగ్గరికి ఇద్దరు సైనికుల్ని తెచ్చారు. తొడ ఎముకలు విరిగి, ఏడు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా యుద్ధభూమిలో పడి ఉన్నారు. బట్టలు తీసి చూస్తే గాయాల నిండా పురుగులు. పురుగుల్ని కడిగేస్తే కింద ఎర్రగా ఆరోగ్యంగా మానుతున్న కండ! ఆయన దాన్ని మర్చిపోలేదు. తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో ఎముక చీము పట్టిన పిల్లలకి కావాలనే ఈగ పురుగుల్ని పెట్టి వైద్యం చేశాడు, 1931లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1930లలో అమెరికాలో కొన్ని వందల ఆసుపత్రులు ఇది చేశాయి. ఆ పురుగులు చచ్చిన కండని తింటాయి, బతికినదాన్ని వదిలేస్తాయి. (మా ఊళ్ళో పుండులో పురుగు పడితే పాపం చేశాడంటారు. పాపం ఆ పురుగు!)

అదలా ఉంచితే, 1922లో ఇన్సులిన్ వచ్చింది. ఇక షుగర్ కథ అయిపోయిందనుకున్నారు. బోస్టన్ డాక్టరు ఎలియట్ జోస్లిన్ 1934లో రాసిన వ్యాసంలో ఒక చేదు లెక్క ఉంది. ఇన్సులిన్ వల్ల కోమాతో చచ్చేవాళ్ళు బాగా తగ్గారు, కానీ కాలు కుళ్ళి చచ్చేవాళ్ళు పెరిగారు. కారణం సులభం. ఇంతకుముందు కాలు పాడయ్యేదాకా బతికేవాళ్ళే కారు. అందుకే ఆయన ఆసుపత్రిలో కాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక జట్టుని పెట్టుకున్నారు, రోగులకి కాళ్ళు కడుక్కోవడం, చూసుకోవడం నేర్పారు.

1940లలో పెన్సిలిన్. రెండోసారి కథ అయిపోయిందనుకున్నారు. మళ్ళీ కాలేదు. మందు వెళ్ళేది రక్తంలో, చచ్చిన ఎముకలోకి రక్తం పోదు. పైగా క్రిములు ఎముక మీద జిగురు పొరలాంటిది కట్టుకుని దాని కింద కూర్చుంటాయి. 1970లో వాల్డ్‌వోగెల్ బృందం ఎముక చీముని రకాలుగా విడగొట్టినప్పుడు, రక్తప్రసారం సరిగా లేనివాళ్ళలో వచ్చేదానికి ఒక వేరే గది కేటాయించింది. అందులో ఎక్కువమంది షుగర్ రోగులే. ఈ గది ఒక రకంగా మంచిది, ఒక రకంగా చెడ్డది. షుగర్ కాలిలో సన్నని రక్తనాళాలన్నీ మూసుకుపోతాయి, ఇక చేసేదేం లేదు, పైనుంచి కోసేయడమే మేలు అన్న నమ్మకం అప్పటికే డాక్టర్లలో బలంగా ఉంది. ఆ నమ్మకానికి ఆధారం లేదని 1984లో లొగెర్ఫో, కాఫ్‌మన్ గట్టిగా రాశారు. మూసుకుపోయేవి చాలావరకు మోకాలి కింద ఉన్న పెద్ద నాళాలు, వాటిని బాగు చెయ్యొచ్చు అని. ఆలోపు ఎన్ని కాళ్ళు పోయి ఉంటాయో! మా వైపు "షుగర్ కదా, కాలు పోతది" అన్న మాట ఆ పాత నమ్మకానికి నీడేమోనని నా అనుమానం.

ఇప్పుడు అసలు కథలోకి వస్తాను.

కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి హైదరాబాద్ వెళ్ళే పెద్ద రోడ్డెక్కితే డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ కలిసి కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. నిజామాబాద్‌కి చెందిన రాజా నర్సాగౌడ్ డబ్బు సాయం చేశారు. విక్టోరియా ఆసుపత్రి అంటారు. అప్పట్లో ఉన్న మందు చౌల్‌మూగ్రా జాతి గింజల నూనె, ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. హైదరాబాద్ సంస్థానంలో ఊళ్ళు తరిమేసిన మనుషులు అక్కడికి చేరేవారు. కుష్ఠు ఆసుపత్రి ఎక్కడైనా సరే, డాక్టర్లకి రోజూ ఎదురయ్యేది ఒకటే దృశ్యం: అరికాలి పుండు, దాని కింద ఎముక చీము, రోగి మాత్రం నొప్పి లేదంటాడు.

గమనించారా? కుష్ఠు కూడా నరాల జబ్బే. క్రిమి వేరు, కానీ చివరికి మిగిలేది అదే: మొద్దుబారిన పాదం. షుగర్ డాక్టరుకి పదిమందిలో ఒకరి దగ్గర కనిపించేది కుష్ఠు డాక్టరుకి వార్డు మొత్తం కనిపించేది. ఈ పుండ్ల గురించి వాళ్ళు ముందుగా నేర్చుకోవడంలో వింతేముంది?

1930లలో సిలోన్‌లో మిల్రాయ్ పాల్, ఇండియాలో జోసెఫ్ ఖాన్ ఒక పని చేశారు. పుండున్న కాలికి పాదం ఆకారానికి అతుక్కునేలా ప్లాస్టర్ కట్టు వేసి రోగిని నడవమన్నారు. ఖాన్ వ్యాసం 1939లో మన దేశపు కుష్ఠు పత్రికలో వచ్చింది. కట్టు వేశాక బరువు ఒక్క చోట కాకుండా పాదమంతా, పిక్క దాకా పంచుకుంటుంది. (లోడ్ బ్యాలెన్సర్! ఆపుకోలేకపోయాను :) ) ట్రీవ్స్ మంచం మీద పడుకోబెట్టమన్నాడు. వీళ్ళు లేచి తిరగమన్నారు. ఈ తేడా నాకు చాలా పెద్దదిగా తోస్తుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన ఇంగ్లీషాయన. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. మన చిత్తూరు పక్కనే. కుష్ఠు వస్తే వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని అందరూ అనుకునే రోజులు. ఆయన కండని పరీక్షించి, కండలో తప్పేమీ లేదు, నొప్పి తెలియక దెబ్బలు తగిలించుకుంటున్నారు, ఆ దెబ్బల్లో చీము పట్టి ఎముక కరుగుతోంది, అంతే అన్నాడు. రాత్రి పడుకుని లేచేసరికి కొందరి వేళ్ళు మాయమవుతుంటే కాపలా కాసి చూశారట, ఎలుకలు కొరుకుతున్నాయి, రోగికి మెలకువ రావడం లేదు. ఆ తర్వాత ఇళ్ళకి పంపేటప్పుడు పిల్లినిచ్చి పంపేవారని ఆయనే రాసుకున్నాడు. ఆ రోజుల్లోనే వేలూరులో మెత్తటి రబ్బరు చెప్పులు తయారుచేయడం మొదలైంది. ఇప్పటికీ కుష్ఠు కార్యక్రమంలో ఉచితంగా ఇచ్చే, షుగర్ రోగులకి రాసే ఎంసీఆర్ చెప్పులు ఆ వంశమే.

1966లో బ్రాండ్ అమెరికాలో లూసియానాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. అక్కడ షుగర్ రోగుల పాదాలు చూసి, ఇవి నాకు తెలిసిన పాదాలే కదా అనుకున్నాడు. అలా ఆ ప్లాస్టర్ కట్టు కుష్ఠు నుంచి షుగర్‌కి దాటింది. 1989లో దాన్ని మామూలు డ్రెస్సింగ్‌తో పోల్చి చూసిన ఒక పరీక్ష ఉంది: కట్టు వేసిన 21 మందిలో 19 మందికి పుండు మానింది, డ్రెస్సింగ్ చేసిన 19 మందిలో ఆరుగురికే. ఒక్క హెచ్చరిక: లోపల చీము ఆడుతున్నప్పుడు, రక్తం అందనప్పుడు ఈ కట్టు వేయకూడదు. ముందు ఎముక సంగతి చూడాలి.

ఎముకకి చీము పట్టిందని తెలిసేదెలా? మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. ఎముక మూడో వంతో సగమో కరిగాక గానీ ఫిల్ము మీదికి రాదు. ఎంఆర్ఐ చూపిస్తుంది, కానీ ఖర్చు. 1995లో గ్రేసన్ అనే డాక్టరు బృందం ఒక చవక పరీక్షని లెక్కలతో సహా అచ్చువేసింది: శుభ్రమైన మొండి స్టీలు పుల్లని పుండులోకి మెల్లగా పోనివ్వాలి, గట్టిగా టక్కుమని తగిలితే అది ఎముక. (ఇది డాక్టర్లు చేసే పని. ఇంట్లో చేయకండి.) వాళ్ళ ఆసుపత్రిలో అలా తగిలినవాళ్ళలో 89 శాతం మందికి ఎముక చీము ఉంది. 2007లో లావరీ బృందం బయటి రోగుల్లో చూస్తే అది 57 శాతానికి పడిపోయింది, కానీ తగలనివాళ్ళలో 98 శాతం మందికి చీము లేదు. అంటే తగలకపోతే చాలావరకు నిశ్చింత, తగిలితే ఇంకో పరీక్ష. పుల్ల ఖరీదు ఎంతో మీరే ఊహించుకోండి.

మా మేనమామ ఒకాయన సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మర మగ్గాలని అక్కడ సాంచాలంటారు. పన్నెండు గంటల షిఫ్టు, ఒక్క మనిషికి చాలా సాంచాలు, వాటి మధ్య సందుల్లో అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి, పోగు తెగినచోట కట్టాలి. బొటనవేలి కింద పుండైంది. పసుపు పెట్టారు (మా వైపు పసుపుకి కొదవా, కోరుట్ల, మెట్‌పల్లి పొలాల నిండా అదే). తర్వాత ఒక డాక్టరు దగ్గర నాలుగు నెలలు డ్రెస్సింగులు, వారానికో రకం యాంటిబయాటిక్. మొదటి వారం తీసిన ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నారు, మళ్ళీ ఎవరూ తీయలేదు. పుల్ల ఎవరూ పెట్టలేదు. "నడవొద్దు" అని మాత్రం ప్రతిసారీ చెప్పారు. నడవకపోతే కూలి రాదు, కూలి రాకపోతే డ్రెస్సింగుకి డబ్బుల్లేవు. ఆయన నడిచాడు. చివరికి మోకాలి కింద తీసేశారు. అంతా కలిపి ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లూ మేం ఫోన్ చేసినప్పుడల్లా ఆయన చెప్పింది ఒకటే: నొస్తలేదు.

నడవనిచ్చే కట్టు నాకెందుకు పెద్ద విషయంగా తోచిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. విశ్రాంతి అనే మందు కొనుక్కోలేని మనుషుల కోసం పుట్టింది అది. చీముని అదుపు చేసి, ఆ తర్వాత అలాంటి కట్టు వేసి ఉంటే అన్నది ఆయన కాలికి పనికిరాని ఊహే. కానీ సాంచాల మధ్య తిరిగేవాళ్ళు, చెప్పుల్లేకుండా పసుపు తవ్వేవాళ్ళు, మస్కట్ ఎండలో పగలంతా బూట్లలో కాళ్ళు ఉడికించుకునే జగిత్యాల పిల్లలు ఇంకా ఉన్నారు. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు పది కోట్ల పైనే.

చికిత్స గురించి ఈ మధ్య వచ్చిన సంగతులు మాత్రం నిజంగా సంతోషపెట్టేవి. ఎముక చీమంటే ఆరు వారాలు సెలైన్ సీసాకి కట్టేసుకుని పడి ఉండాలన్నది పాత పాఠం. 2019లో బ్రిటన్‌లో 1054 మంది ఎముక, కీలు చీము రోగుల మీద చేసిన పెద్ద పరీక్షలో, సరైన మాత్రలు నోటితో మింగినా రక్తనాళంలోకి ఎక్కించినదానికి తీసిపోవని తేలింది. 2014లో స్పెయిన్‌లో 90 రోజుల మందుల్నీ, చెడిన ఎముక ముక్క వరకే తీసే చిన్న ఆపరేషన్‌నీ పోల్చారు. రక్తప్రసారం బాగున్నవాళ్ళలో రెండూ దాదాపు సమానంగానే పనిచేశాయి. 2015లో ఫ్రాన్స్‌లో 40 మంది మీద చూస్తే పన్నెండు వారాల మందుకి ఆరు వారాలు సరిపోయాయి. 2021లో జెనీవాలో 93 మంది మీద చూస్తే, చెడిన ఎముకని శుభ్రం చేశాక మూడు వారాల మందు ఆరు వారాలకి తీసిపోలేదు. ఇవన్నీ చిన్న పరీక్షలే, కానీ 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ దారిలోనే ఉన్నాయి: ఆపరేషన్ లేకపోతే ఆరు వారాలు, చెడిన ఎముక తీసి ఇంకా కాస్త మిగిలితే మూడు వారాల దాకా, పూర్తిగా తీసేస్తే కొద్ది రోజులే. మా మామకి వారానికో మందు మార్చిన నాలుగు నెలల పక్కన ఈ అంకెలు పెట్టి చూసుకోండి. ఏ క్రిమో తెలియాలంటే పైపైన తుడిచి కాదు, ఎముక ముక్క తీసి పరీక్షకి పంపాలి. అది జరిగితే మందు ఒకటే చాలు.

ఇవన్నీ హైదరాబాద్‌లోనే జరగాలనేం లేదు. 2016లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలయ్యాయి. 2022లో జగిత్యాలకి, 2023లో సిరిసిల్లకి ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి. పుల్ల, ఎక్స్‌రే, సర్జను, ప్లాస్టరు: ఈ జాబితాలో మెడికల్ కాలేజీకి అందనిదేముంది? లండన్‌లో కింగ్స్ కాలేజీ ఆసుపత్రి 1981లో చేసింది కూడా అంతే, ఇవన్నీ చేసేవాళ్ళని ఒకే గదిలో కూర్చోబెట్టింది. కొన్నేళ్ళలోనే అక్కడ పెద్ద కోతలు సగానికి తగ్గాయి. మన దగ్గర ఆ గదికి బోర్డు ఎవరు పెడతారో చూడాలి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. పాదంలో స్పర్శ ఉందో లేదో చూడటానికి ఇప్పుడు ప్రపంచమంతా వాడేది పది గ్రాముల నైలాన్ పోగు. అరికాలికి ఆనించి వంగేదాకా నొక్కుతారు. తెలిసిందా లేదా అని అడుగుతారు. ఆ పది గ్రాముల హద్దు కూడా 1986లో కార్‌విల్ నుంచే వచ్చింది, కుష్ఠు, షుగర్ రోగుల పాదాలు కలిపి పరీక్షించి తేల్చారు. పోగుల ఊరైన సిరిసిల్లలో మా మామకి ఆ పోగుని ఎవరూ ఆనించలేదు. ఆయన చేతివేళ్ళకి మాత్రం ఏ లోపమూ రాలేదు. కరెంటు పోయిన చీకట్లో కూడా తెగిన పోగుని తడిమి పట్టుకునేవాడు. కాలు తీశాక ఇంట్లో కూర్చుని కండెలు చుట్టేవాడు.